సీసాకు ఊపిరి

ఫాదర్ తమ్ముడు చేసిన వైన్‌లో ఆ సీసా ఒక్కటే మిగిలింది. తమ్ముడు చనిపోయాడు. పిల్లలు లేరు, తోట పరాయివాళ్ళ చేతికి పోయింది. ఇంక ఆ చేతి వైన్ ఈ భూమ్మీద పుట్టదు. ఆ ఆఖరి సీసాను నాకు అప్పగించి ఫాదర్ దవాఖానకు వెళ్ళారు. దాన్ని నేనేం చేశానో చెప్పాలి. నాకు సంతకం వరకే వచ్చు, అందుకని నోటితో చెబుతున్నాను. రాసే అమ్మాయి నా మాటను సరిచేసి రాస్తానంది. మాటను సరిచెయ్యి గానీ సంగతిని సరిచెయ్యకు అన్నాను.

ఇటిక్యాల నుంచి గద్వాలకు పోయే దారిలో, రోడ్డు దిగి కొంత నడిస్తే చిన్న మిషన్ ఇల్లు ఉండేది. ఒక చర్చి, మందుల గది, నాలుగు వేపచెట్లు, వంటిల్లు. అక్కడ వంట నాది. ఫాదర్ ఇటలీ మనిషి. నేను చేరేనాటికే ఆయన మా దిక్కుకు వచ్చి ముప్పై ఏళ్ళు దాటాయి. జొన్నరొట్టె మాకంటే బాగా తినేవారు. మాట కూడా మా మాటే. కోపం వచ్చినప్పుడు మాత్రం వాళ్ళ భాషలోకి పోయేవారు, అప్పుడు ఎవరికీ అర్థం కాదు కాబట్టి ఎవరికీ బాధ ఉండేది కాదు.

నేనక్కడికి చేరింది మా ఆయన పోయిన రెండో ఏడు. కడుపులో గడ్డ లేచి కర్నూలు దవాఖానలో పోయాడు. తర్వాత ఒక ఏడాది మేస్త్రీ వెంట రోడ్డు పనులకు పోయాను. తారు కాచే డ్రమ్ముల దగ్గర నా పని. చేతులు బొబ్బలెక్కి ఊరికి తిరిగొచ్చి, మందుల గదిలో కట్టు కట్టించుకోవడానికి మిషన్‌కు పోయాను. కట్టు విప్పేలోపే వంటకు కుదిరాను.

మేము కల్లు గీసే ఇంటివాళ్ళం. వాగు ఒడ్డున ఈతచెట్లు మా ఆయన గీతకు ఉండేవి. పొద్దు పొడవకముందే ఎక్కి, కల్లు పట్టిన లొట్టి కుండలు దించుకొచ్చి గుడిసె ముందు వరసగా పెట్టేవాడు. ఎవరికీ పోయకముందు మొదటి గుక్క నాది. తాటాకు దొప్పలో పోసి ఏ చెట్టుదో చెప్పమనేవాడు. చౌడు నేలలో ఉన్న చెట్టుది నాలుక చివర ఉప్పగా తగిలేది. బండ పక్క చెట్టుది చిక్కగా ఉండి ఆలస్యంగా పొంగేది. మోదుగుల మధ్య ఒంటి చెట్టు ఒకటుండేది. దాని కల్లు మింగిన తర్వాత గొంతులో పచ్చికొబ్బరి వాసన నిలిచేది. ఆ చెట్టుది ఆయన ఎవరికీ అమ్మేవాడు కాదు. మా ఇద్దరికే.

ఒకరోజు రెండు చెట్లవి కలిపి ఇచ్చి నా ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఏ చెట్టుదే?"

"ఏ చెట్టుది గాదు. రెండు కలిపినవ్. పొద్దుగాల్నే నా నోరు పరీక్ష వెట్టుడేందయ్యా?"

"అరె! గిది నాలుక గాదే, పోలీస్ పటేలు!"

"మరి దొంగతనం ఎందుకు జేస్తివి?"

అలా గడిచేవి మా పొద్దులు. తర్వాత ఊళ్ళ దుకాణాల్లో మందు కల్లు వచ్చింది, ఏదో పొడి వేసి నీళ్ళు కలిపి చేసేది. మా ఆయన కలపనన్నాడు, బతికినన్నాళ్ళూ కలపలేదు. ఆయన పోయాక ఆ చెట్లు ఎక్కినవాడు లేడు. నాకు తాగుడు మీద ఆశ లేదు, ఉందంటే ఉందని చెబుతాను, నాకు సిగ్గేముంది. ఆ రుచి మీదనే ఆశ. తెల్లారితే నాకంటే ముందు నా నాలుక లేచి కూర్చునేది. దానికి ఆయన పోయిన సంగతి తెలియదు.

ఫాదర్ సొంత ఊరి నుంచి ప్రతి చలికాలం ఇద్దరు ముగ్గురు వచ్చి, మందుల గదికి కావలసినవి ఇచ్చి నాలుగు రోజులుండి పోయేవారు. వాళ్ళ సంచుల్లో ఉన్ని బట్టల మధ్య చుట్టి తమ్ముడు పంపిన సీసాలుండేవి. పూజలో వాడే వైన్ వేరే. అది బెల్లం పాకంలా తియ్యటి వాసన వేసేది, దాని జోలికి నేను పోకూడదు, పోలేదు. ఈ సీసాలు మాత్రం భోజనం బల్ల మీదివి.

మొదటి ఏడాది వాళ్ళు తాగి లేచాక గ్లాసులు కడగడానికి తెచ్చుకున్నాను. సన్నటి కాడ మీద నిలబడ్డ పెద్ద గ్లాసులు. ఒకదాని అడుగున రెండు చుక్కలు మిగిలి ఉన్నాయి. ముక్కు దానంతట అదే లోపలికి పోయింది. మిషన్‌లో చెట్లకు నీళ్ళు పెట్టే కావలి మనిషి గడపలో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నాకంటే చిన్నవాడు, నోరు మాత్రం ఊరంత.

"ఏందక్కా, గిలాసల మూతి వెట్టినవ్? ఫాదర్ జూస్తే నిన్ను మోకాళ్ల మీద నిలవెడ్తడు."

"నోర్ముయ్ తమ్మీ. వాసన జూస్తున్న. గిది కల్లు గాదు, సారా గాదు. ఎండిన గులాబి రేకుల వాసనుంది. జర అడుగుకు పోతే తారు వాసనొస్తుంది. రోడ్డుకు పోస్తరు జూడు, గా తారు."

"తారా? గంత దూరంకెల్లి తారు దెచ్చుకుని తాగుతున్నరా వీళ్లు?" అని పొగ గొంతుకు అడ్డంపడి దగ్గుతూ నవ్వాడు.

"ఏమన్నవమ్మా?" అని వెనక నుంచి వినిపించింది. ఫాదర్. గ్లాసు గబుక్కున కింద పెట్టాను.

"తప్పయింది ఫాదర్. తాగలే. ఉత్తగ వాసన జూసిన."

"తప్పు గాదు. ఏం వాసనన్నవ్, మళ్ల చెప్పు."

"గులాబి... తారు."

ఆయన వచ్చినవాళ్ళను వంటింట్లోకి కేకేసి, వాళ్ళ భాషలో గబగబా ఏదో చెప్పారు. అందులో ఒక ముసలామె నన్ను పట్టుకుని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది. కావలి మనిషి బీడీ పారేశాడు. ఆ జాతి ద్రాక్ష వైన్ మంచిదైతే అందులో రావలసినవి ఆ రెండు వాసనలేనట. వాళ్ళ దగ్గర ఏళ్ళ తరబడి తాగి నేర్చుకున్నవాళ్ళు చెప్పే మాట అదేనట.

"నీకెవరు చెప్పిండ్రమ్మా?"

"తారు నేను మోసిన ఫాదర్. దాని వాసన నాకు ఒకరు చెప్పాల్నా?"

ఆ రోజు నాకు కూడా గ్లాసులో రెండు వేళ్ళ మందం పోశారు. ఎలా తాగాలో చూపించారు. ముందు గ్లాసును తెల్లగుడ్డ మీద వంచి అంచు రంగు చూడాలి. వయసైన వైన్ అంచు ఇటుక రంగుకు తిరుగుతుంది. తర్వాత గ్లాసును బల్ల మీదే గుండ్రంగా తిప్పి వాసన లేపాలి. అప్పుడు గుక్క.

"మింగకు. నోట్లనే ఆపు. పండ్ల సందులకెల్లి గాలి పీల్చు."

పీల్చబోతే గుడగుడమంది, నవ్వొచ్చి కొంగు మీద పడింది. నాలుకను మాత్రం ఆ వైన్ గట్టిగా పట్టుకుంది, పచ్చి నేరేడు కొరికితే చిగుళ్ళు బిగుసుకున్నట్టు. బాగుందని చెప్పలేను. వదలలేదు, అంతే. మింగి, గిన్నెలు కడిగి, వాకిలి ఊడ్చిన తర్వాత కూడా నోట్లో ఉంది. మా ఆయన కూడా తన వంతు మొదటి గుక్క ఇలాగే నోట్లో తిప్పి భూమ్మీద ఉమ్మేవాడని చెప్పాను. ఫాదర్ చాలాసేపు తల ఊపారు.

అప్పటి నుంచి ప్రతి చలికాలం నా గ్లాసు కూడా బల్ల మీదికి వచ్చింది. తమ్ముడు మూడు రకాలు చేసేవాడు. వాటి పేర్లు నా నోట తిరగవు, నేను నా పేర్లు పెట్టుకున్నాను. తెల్లగా, తియ్యగా, సన్నగా బుసబుసమనేది ఒకటి. దించిన వెంటనే తాగే కల్లు లాంటిది, దాన్ని పొద్దుటిది అనేదాన్ని. దాని బిరడా తీయబోతే ఠప్పున ఎగిరి పైకప్పుకు తగిలింది, నేను బల్ల కిందికి దూరాను. రెండోది ఎర్రగా, పుల్లగా, కూరతో చక్కగా దిగిపోయేది. అది అన్నంలోది. మూడోది గులాబీ, తారు ఉన్నది. ఏళ్ళ తరబడి సీసాలో పడుకోబెడితే గానీ మెత్తబడదు. అది మొండిది. ఫాదర్ కూడా నా పేర్లతోనే పిలిచేవారు.

ఒకసారి రెండు మొండి సీసాలు పక్కపక్కన తీశారు. ఒకే తోట, ఒకే చెయ్యి, ఏడాదే తేడా అన్నారు. ఒకటి చిక్కగా, గొంతులో కాస్త మంటగా ఉంది. ఇంకొకటి పలచగా, వాసన ఎక్కువగా, నాలుక మీద తొందరగా జారిపోయేలా ఉంది.

"ఇది కరువు ఏడుది ఫాదర్. అది వానల ఏడుది."

"ఎట్ల దెల్సింది?"

"కరువొస్తే చెట్టు లోపల్నే దాచుకుంటది. మా ఈతచెట్లు గట్లనే. వానలు లేని ఏడు లొట్టి సగమే నిండేది, గాని తీపి ముదురుండేది."

ఆయన సీసాల మీది కాగితాలు చదివి, గ్లాసు కింద పెట్టేశారు. కళ్ళు మూసుకున్నారు. అలా మూసుకున్నప్పుడు ఆయన మా దగ్గర ఉండరని నాకు తెలుసు. వాళ్ళ తోట కొండవాలు మీద ఉంటుందట. కాయ కోసే కాలానికి మంచు కిందినుంచి లేచి చాళ్ళను మింగేస్తుందట, తమ్ముడు కనిపించడట, అతని ఈల మాత్రం వినిపిస్తుందట. కోత నెల అంతా వాడి చేతులు మణికట్టు దాకా నల్లగా ఉంటాయని, చర్చికి కూడా అలాగే వస్తాడని చెప్పేవారు. చెప్పి గుక్క తాగేవారు. నేనూ తాగేదాన్ని. ఆయన తమ్ముడి దగ్గరికి పోయేవారు, నేను వాగు ఒడ్డుకు పోయేదాన్ని. ఒకే సీసాలోంచి ఇద్దరం చెరో దిక్కు పోయి, అది ఖాళీ అయ్యాక తిరిగి వచ్చేవాళ్ళం.

మిషన్‌కు సెల్‌ఫోన్ కొత్తగా వచ్చిన ఏడు, దానికి వచ్చిన మొదటి చెడ్డకబురు తమ్ముడిది. ఆ చలికాలం వచ్చినవాళ్ళు ఒకే ఒక సీసా తెచ్చారు. మొండిది. ఇంట్లో దొరికింది అదొక్కటే అన్నారు. ఫాదర్ దాన్ని రెండు చేతులతో తీసుకుని సామాన్ల గదికి నడిచారు. అక్కడ ఇసుక నింపిన చెక్కపెట్టె ఉండేది. సీసాను అందులో పడుకోబెట్టి, పసిపిల్లకు కప్పినట్టు ఇసుక ఎగదోశారు.

"వానకాలం మొదటి వానకు తీద్దామమ్మా. నువ్వు నేను. అప్పటిదాక కదిలియ్యొద్దు. ఎండ తగలొద్దు. పండవెట్టే ఉంచు."

ఎందుకు పడుకోబెట్టాలో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

మాఘం పోయి ఎండలు మొదలయ్యాక, రైతులు మిరపకాయలు రోడ్డు మీద ఎండబోశారు. ఫాదర్ పాత స్కూటర్ మీద ఎవరికో ప్రార్థన చెప్పడానికి పోయి, తిరిగి వస్తూ ఆ మిరపకాయల మీద జారారు. తల వెనకభాగం రోడ్డుకు తగిలింది. హైదరాబాద్ తీసుకుపోవడానికి జీపు వచ్చింది. తలకు కట్టుతో, సగం తెలివిలో ఉండి ఆయన నన్ను దగ్గరికి పిలిచారు. దేవుడి మాటేమైనా చెబుతారనుకున్నాను.

"సీసా జర పైలంగ చూస్కో" అన్నారు.

చూసుకున్నాను. చూసుకోవడమే తప్పయింది.

ఆ ఏడు ఎండ మామూలు ఎండ కాదు. సామాన్ల గదికి పైన బండల కప్పు. మధ్యాహ్నానికి లోపల పొయ్యిలా ఉండేది. గచ్చు మీద రోజూ నీళ్ళు చల్లేదాన్ని, ఆరిపోయేవి. ఒకరోజు కావలి మనిషి ఎక్కడినుంచో సీసాలో కల్లు తెచ్చుకుని, బిరడా బిగించి, వంటింటి గూట్లో దాచాడు. మిట్టమధ్యాహ్నం అది పేలింది. గాజు ముక్కలు పప్పుకుండలో పడ్డాయి. వాణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయించను. పప్పు పారబోసి, గిన్నె కడుగుతుంటే నాకు ఒక్కసారిగా సీసా గుర్తొచ్చింది. పొద్దుటి దాని బిరడా పైకప్పుకు తగలడం కూడా గుర్తొచ్చింది. తమ్ముడి వైన్‌కు కూడా అంత బలముంది.

చేతులు తుడుచుకోకుండా పోయి ఇసుక తోశాను. సీసా వేడిగా ఉంది, జ్వరం తగిలిన నుదురులా. చెవి ఆనించి విన్నాను. ఏమీ వినిపించలేదు గానీ భయం పోలేదు. కల్లు కుండ మూతిని ఎవరూ బిగించరు. పుట్టి బుద్ధెరిగి నేను చూసింది అదే. కల్లు బతికి ఉంటుంది, దానికి ఊపిరాడాలి, బిగిస్తే కుండను పగలగొట్టుకుని వస్తుంది. ఇంత ఎండలో ఈ బిరడా ఎన్నాళ్ళు ఆగుతుంది? ఫాదర్ వచ్చేసరికి ఇసుకలో గాజు ముక్కలుంటే నేనేం ముఖం చూపించాలి?

బస్తాలు కుట్టే దబ్బనం తెచ్చి, బిరడా నడిమధ్యన పెట్టి, అరచేత్తో నొక్కాను. లోపలి దాకా దిగింది. తీస్తే సన్నటి బెజ్జం. అందులోంచి ఒక్క ఎర్రటి చుక్క వచ్చి నిలబడింది. పడుకోబెడితే కారుతుందని సీసాను నిలబెట్టి, తడిపిన గోనె చుట్టాను. ఆ పూట గుండె కుదుటపడి అన్నం తిన్నాను. మా ఆయన ఉంటే మెచ్చుకునేవాడని కూడా అనుకున్నాను. ఏం చెప్పను!

ఫాదర్ తిరిగి రావడానికి వారం ముందు, గోనె మళ్ళీ తడపబోతే సీసా మూతి మీద చిన్న ఈగలు ముసిరి ఉన్నాయి. పులిసిన కల్లు మీదికి వచ్చే ఈగలు. బెజ్జం దగ్గర ముక్కు పెట్టాను. గులాబీ లేదు. పుల్లటి వాసన ముక్కులో గుచ్చుకుంది. అక్కడే, ఆ గచ్చు మీదే కూలబడ్డాను. మా ఆయన కల్లు ఏ పూటది ఆ పూటే. పొద్దుగూకితే పులిసిపోయేది, మర్నాటికి ఇంకో లొట్టి. ఈ సీసాకు మర్నాడు లేదు. ఒక మనిషి పోయాక కూడా అతని చేతి పని మిగిలి ఉండటం నేను మొదటిసారి చూసింది ఆ సీసాలోనే. దాన్ని నేను దబ్బనంతో పొడిచాను.

ఫాదర్ చేతికర్రతో వచ్చారు. గుండు మీద తెల్లటి నూగు మొలిచింది. సగమయ్యారు. మర్నాడు పొద్దున పొయ్యి మీద పాలు పొంగి మాడాయి, నేను పరుగెత్తుకుంటూ వచ్చేసరికి ఆయన పొయ్యి పక్కనే కూర్చుని పేపర్ చదువుతున్నారు. గదంతా మాడు వాసన. ఆయన తల కూడా ఎత్తలేదు.

"ఫాదర్, పాలు మాడినయ్, వాసన రాలేదా?"

"రాదమ్మా. దెబ్బ తగిల్నప్పటి సంది ఏ వాసన లేదు. డాక్టర్లు వస్తదో రాదో చెప్పలేమన్నరు. అన్నం తింటే మట్టి నమిలినట్టుంది." పేపర్ మడిచారు. "సీసా ఉంది గదా?"

"ఉంది ఫాదర్."

"మొదటి వానకు తీద్దాం. నాకు తెల్వకపోయినా నీకు తెలుస్తది గద. నువ్వు తాగి చెప్పు, నేను కండ్లు మూసుకుని వింట. ఒక్కసారి మా తమ్మున్ని జూసొస్త."

కావలి మనిషికి సంగతంతా చెప్పుకున్నాను. ఎప్పుడూ నవ్వేవాడు ఆ రోజు నవ్వలేదు.

"చెప్పకక్కా. ఆయనకు ముక్కే లేకపాయె. పాత సీసాలు నీకు యాది లేవా? గులాబి అను, తారను. ఆయన కండ్లు మూసుకుంటడు, ఖుషీగ పోతడు, వస్తడు. నీదేం పోయింది?"

"నోట్ల పులుపు వెట్టుకుని గులాబని ఎట్లంట తమ్మీ?"

"ఆయన కోసం అను. అబద్ధమైతే చర్చిల ఒప్పుకోవచ్చు."

"ఎవరికి ఒప్పుకోవాలె? ఆయనకే గదా!"

వాడు తల గోక్కున్నాడు. కానీ వాడి మాట నాలో దిగింది. నాలుగు రోజులు వంట చేస్తూ అన్ని సీసాలనూ గుర్తు చేసుకున్నాను. ఏం చెప్పాలో, ఎక్కడ ఆగాలో. ఎండిన గులాబీ ముందు, తారు తర్వాత, పచ్చి నేరేడు చివర. పాఠంలా వచ్చేసింది.

అయిదో రోజు మధ్యాహ్నం దాటాక వాన పడింది. ఫాదర్ బల్ల మీద తెల్లగుడ్డ పరిచి రెండు గ్లాసులు పెట్టి కూర్చున్నారు. నేను గోనె విప్పి సీసా తెచ్చాను. బిరడా ఆయనే లాగారు. బెజ్జం చూడలేదు. కళ్ళు కూడా ముందటిలా లేవు. నా గ్లాసులో పోసి, కుర్చీకి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు.

"చెప్పమ్మా."

గుక్క తీసుకున్నాను. దవడలు లాక్కుపోయాయి.

"ఎండిన గులాబి ఫాదర్..."

ఆయన ముఖం మెత్తబడింది. పెదవులు కొంచెం విడిపోయాయి. వాళ్ళ మంచులోకి అడుగు పెడుతున్నారని తెలిసింది. నా మాట పట్టుకుని నడుస్తున్నారు. రెండో మాట నా నోటికి రాలేదు. మందు కలిపిన కల్లు పోసి ఇదే అసలుది అని చెబుతున్నట్టు అనిపించింది నాకు.

"లేదు ఫాదర్. గులాబి లేదు. పులిసిపోయింది. నేనే పాడు జేసిన. పేలుతదని బిరడకు దబ్బనంతోని పొడిచిన. ఊపిరాడాలని."

ఆయన కళ్ళు తెరిచారు. బిరడాను చేతిలోకి తీసుకుని, కిటికీ వెలుతురుకు ఎత్తి, ఆ బెజ్జంలోంచి చూశారు. తిడితే బాగుండును అనుకున్నాను, ఏ భాషలోనైనా. ఆయన తన గ్లాసులో పోసుకుని నోట్లోకి పెద్ద గుక్క తీసుకున్నారు.

ముఖమంతా ముడతలు పడింది. దగ్గారు. కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. లేచి పట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"తెలుస్తుంది!" అన్నారు.

"ఏంది ఫాదర్?"

"పులుపు. మూడు నెలల సంది మట్టి తింటున్న. ఇది తెలుస్తుందమ్మా, నాలుక మీద ఇగో ఈడ." నాలుక చాపి చూపించారు, చిన్నపిల్లవాడిలా. "మంచిగుంటే నాకు నీళ్లే. మా తమ్మునిది నాకు నీళ్లయితుండె."

నేను ఏడ్చాను. ఆయన బిరడాను బల్ల మీద దొర్లిస్తూ ఒకసారి నవ్వారు, ఒకసారి దాన్నే చూస్తూ ఉన్నారు. క్షమించారో లేదో నేను అడగలేదు. పోయింది పోయిందే, అది ఇద్దరికీ తెలుసు.

తర్వాత ఆకు ఏదైనా ఉందా అని అడిగారు. వాళ్ళ ఇంట్లో ఇలా పులిసిన వైన్‌కు ఒక జాడీ ఉండేదట, వాళ్ళమ్మ పచ్చి ఆకుల మీద పోసి పెట్టేదట. బోరు పక్క తడిలో గంగవాయిలి కూర ఉంది. వానలోనే పోయి తెంపుకొచ్చి, కడిగి, ఉల్లిగడ్డ తరిగి, పల్లినూనె, ఉప్పు వేసి ఇచ్చాను. సీసాలోంచి ఒక చెంచా పోసుకుని చేత్తో కలిపారు. పచ్చి కూర తినడం నేను చూడటం అదే మొదలు. నాకూ పెట్టారు.

"పులుపు నాకు తెలుస్తుంది. దాని కింద ఏమన్న ఉందా?" అని అడిగారు.

నమిలాను. ఆగాను. గాలి పీల్చాను. "గులాబి పోయింది ఫాదర్. తారుంది. జరంత."

"నిజంగ?"

"నిజంగ."

అప్పుడు కళ్ళు మూసుకున్నారు.

ఆ సీసా వైన్‌గా ఉంటే ఒక్క సాయంత్రంలో అయిపోయేది. పులిసింది కాబట్టి ఆ వానకాలమంతా వచ్చింది. రోజుకొక చెంచా. రోజూ ఆయన అడిగేవారు, తారు ఉందా అని. నేను రుచి చూసి ఉందని చెప్పేదాన్ని. ఉన్నప్పుడే ఉందన్నాను. రోజురోజుకూ సన్నబడుతూ పోయింది. ఒక్కోరోజు దాన్ని పట్టుకోవడానికి నేనూ కళ్ళు మూసుకోవలసి వచ్చేది. అలా మూసుకున్నప్పుడు నాకు తారు కంటే ముందు మోదుగుల మధ్య ఒంటి చెట్టు కనిపించేది. దాని రుచి ఏమిటో మాటల్లో చెప్పగలను, ఇందాక చెప్పాను కూడా. నాలుక మీదికి మాత్రం రాదు. పచ్చికొబ్బరి అనే మాట వస్తుంది, కొబ్బరి రాదు.

సీసా అడుగుకు వచ్చిన రోజు, ఆకుల మీద ఆఖరి చెంచా పోసి పళ్ళెం ముందు పెట్టాను. నా వంతు రుచి చూశాను. మళ్ళీ చూశాను.

"ఉందామ్మా?"

"లేదు ఫాదర్. ఇయ్యాల ఉత్త పులుపే."

ఆయన తల ఊపి, పళ్ళెం దగ్గరికి లాక్కున్నారు. ఒక్కో ఆకే తీసుకుని నిదానంగా నమిలారు. ఆయన తింటుంటే చూస్తూ నిలబడ్డాను. నాకూ ఒక సీసా అడుగున అలాంటి పులుపైనా మిగిలి ఉంటే, రోజుకొక చెంచా పెట్టుకుని బతికేదాన్ని అనిపించింది. ఆకులయ్యాక ఆయన పళ్ళేన్ని రెండు చేతులతో ఎత్తి, అడుగున మిగిలిన రసం తాగేశారు.